చెమటయందలి ఉప్పు – ఎండపని చేయు రైతులు తెలిసికొనవలసిన విషయములు



"ఉప్పు తిన్నవాడు నీళ్ళు త్రాగవలెను" అను సామెత మన పల్లెలయందు తెలియనివారు లేరు. తప్పు చేసినవాడు దాని ఫలము ననుభవింపక తప్పదని లోకులు దానికి చెప్పుకొను అర్థము. దేహధర్మమును బట్టి చూచినచో నీ సామెతకు మరియొక సగము గూడ గలదు. ఎండలో దినమంతయు శ్రమించి బిందెలకొలది నీళ్ళు త్రాగువాడు కొంత యుప్పును గూడ తినవలెను. ఈ రెండవ సగమును మరచుటవలన ప్రతి వేసవియందును మన పొలములలోను, కల్లములలోను, ధాన్యపు కొనుగోలు కేంద్రములలోను పలువురు బాధపడుచున్నారు. కావున చెమట యెట్లు పుట్టుచున్నది, దానితో నుప్పు ఎంత పోవుచున్నది, పోకుండ దేహము చేయు ప్రయత్న మెట్టిది అను విషయములను ఈ నెల పాఠముగా వ్రాయ సంకల్పించితిమి.

మన ప్రాంతము, మన వేసవి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణములు మూడును 2016 అక్టోబరు 11వ తేదీన వేర్వేరు జిల్లాలకు ముఖ్యస్థానములగుటకు ముందు వరంగల్లు జిల్లాలోనివే. వీని పరిసరములందు పనులు వేరయినను ఎండ యొక్కటే. జనగామ మెట్టనేలలలో యాసంగి వరికోతలు ఏప్రిలు, మే నెలలలో సాగును. మహబూబాబాద్ ప్రక్కన మిరపకాయల యేరుట, ఆరబోయుట, తాలు తీయుట ఎండలు ముదురువరకు జరుగును. అడవిని ఆనుకొనిన గ్రామములవారు తునికాకు సేకరణకై వేకువనే బయలుదేరుదురు. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గుగనులు గలవు. అచట పనిచేయు కార్మికులలో రైతు కుటుంబములవారును గలరు. చెరువుల పూడికతీత మొదలగు ఉపాధిహామీ పనులును వేసవిలోనే యెక్కువ.

2015వ సంవత్సరము మే నెలలో వీచిన వడగాడ్పులకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములలో కలిపి రెండువేలమందికి పైగా మరణించిరి. వారిలో బయటి పనులు చేసికొని బ్రతుకు బీదలును, వృద్ధులును విశేషముగా నుండిరి. ఇట్టి మరణములలో పెక్కింటిని ముందు జాగ్రత్తచేత ఆపవచ్చును. అందులకు కావలసిన ద్రవ్యము స్వల్పము. తెలివి మాత్రము ముఖ్యము.

చెమట యెందులకు?

మన దేహపు వేడిమి సుమారు 37 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద నిలిచియుండవలెను. కోత కోయుచున్నప్పుడుగాని బస్తాలు మోయుచున్నప్పుడుగాని కండరములలో వేడి విశేషముగా పుట్టును. పై నుండి సూర్యుడు మరికొంత వేడి నిచ్చును. బయటిగాలి 42, 43 డిగ్రీలున్నప్పుడు దేహమునుండి వేడి గాలిలోనికి పోవుటకు మారుగా గాలినుండియే దేహములోనికి వచ్చును. అట్టి సమయమున మనకు మిగిలియున్న రక్షణ చెమట యొక్కటియే.

క్రొత్తకుండలోని నీరు చల్లబడుట మన మందర మెరిగినదే. కుండపై నూరిన తేమ ఆవిరియగుచు లోపలి వేడిని గైకొని పోవును. చెమటయు నట్లే. ఒక లీటరు చెమట చర్మముపై నావిరియైనచో సుమారు 580 కిలోకెలోరీల వేడిని దేహమునుండి తొలగించును. ఆవిరి గాక క్రిందికి జారిపోయిన చెమట వలన చల్లదనము లేదు. నీరును ఉప్పును మాత్రము నష్టమగును. అందుచేతనే గాలియాడని ఉక్కపోతలోను, లోతైన గనిలోను పనిచేయువానికి చెమట ధారలుగా కారినను సుఖముండదు.

జనగామ వైపు వీచు పొడి వడగాలిలో దీనికి విరుద్ధమైన అపాయమున్నది. అచట చెమట పుట్టినది పుట్టినట్లే యారిపోవును. ఒడలు తడియకుండుటచే రైతు "నాకు చెమటయే పట్టలేదు" అనుకొని నీరు త్రాగడు. సాయంకాలము అంగీ విడిచి చూచినప్పుడు వీపుమీద తెల్లని చారలు కనబడును. అవి యారిపోయిన చెమట విడిచిపోయిన ఉప్పు. అంగీ పొడిగానున్నను ఆ చారలు నష్టమునకు సాక్ష్యము.

చెమట గ్రంథుల నిర్మాణము

మనుష్యుని చర్మములో 20 లక్షలు మొదలు 40 లక్షల వరకు చెమట గ్రంథులు గలవు. అరచేతులు, అరకాళ్ళు, నొసలు – ఈ తావులలో నవి దట్టముగా నుండును. చంకలలోను గజ్జలలోను వేరొక జాతి గ్రంథులును గలవు గాని, దేహమును చల్లబరచు పని వానిది కాదు.

ఒక్కొక్క గ్రంథి సన్నని గొట్టము. దాని అడుగుభాగము చర్మపు లోపొరలో దారపుచుట్టవలె చుట్టుకొని యుండును. పైభాగము నిటారుగా లేచి చర్మముపై చిన్న రంధ్రముగా తెరచుకొనును. మెదడులో అడుగున దేహపు వేడిమిని గనిపెట్టియుండు చిన్న భాగమొకటి గలదు. రక్తము వేడెక్కినట్లు దానికి తెలిసినంతనే నరములద్వారా ఈ గ్రంథులకు ఆజ్ఞ పంపును. అప్పుడు అడుగుచుట్టలో ద్రవ మూరుట కారంభించును.

ఇచట గమనింపవలసిన ముఖ్య విషయ మొకటి యున్నది. అడుగుచుట్టలో నూరిన ద్రవము రక్తములోని నీటి భాగమువలెనే మిక్కిలి ఉప్పగా నుండును. ఆసుపత్రిలో నరమున కెక్కించు సెలైను సీసాలో లీటరునకు 9 గ్రాముల ఉప్పుండును. అది రక్తపు ఉప్పదనమునకు సరిపోవునట్లు చేయబడినది. ఊరిన ద్రవము అట్లే బయటికి వచ్చినచో అయిదారు లీటర్ల చెమట పట్టిన దినమున 50 గ్రాముల ఉప్పు పోయి మనుష్యుడు బ్రతుకుట కష్టమగును. అయితే చర్మముపైకి వచ్చిన చెమటలో లీటరునకు సాధారణముగా 1 మొదలు 4 గ్రాముల ఉప్పు మాత్రమే యుండుచున్నది. తక్కిన ఉప్పు ఏమైనది?

ఉప్పును మరల గ్రహించు విధము

ద్రవము గొట్టముగుండ పైకి వచ్చుచున్నప్పుడు ఆ గొట్టపు గోడలలోని కణములు దానినుండి ఉప్పును లోనికి లాగికొనును. ఉప్పులో సోడియము, క్లోరైడు అను రెండు భాగములున్నవి. గోడలలో సోడియమునకు ఒక ద్వారము, క్లోరైడునకు మరియొక ద్వారము గలవు. ఆ గోడలు నీటిని మాత్రము తిరిగి పోనీయవు. కావున ఉప్పు లోపలికి మరలును, నీరు బయటికి వచ్చును. చల్లబరచుటకు కావలసినది నీరు, దాచుకొనవలసినది ఉప్పు. ఈ రెండింటిని వేరుచేయు పని ఆ సన్నని గొట్టము చేయుచున్నది.

మిరపకల్లములో తాలుకాయ లేరు స్త్రీలను తలచుకొనుడు. కాయలు కొద్దికొద్దిగా ముందునకు వచ్చినప్పుడు ప్రతి తాలుకాయయు చేతికి చిక్కును. గంపలు గంపలుగా కుమ్మరించినచో ఎంతటి నేర్పరులైనను కొన్నిటిని విడువక తప్పదు. అట్లే చెమట మెల్లగా పట్టినప్పుడు గొట్టము ఉప్పులో అధికభాగమును మరల గ్రహించును. పని తీవ్రమై చెమట వేగముగా పారునప్పుడు గ్రహించుటకు వ్యవధి చాలక ఉప్పు ఎక్కువగా బయటికి పోవును. కావున కష్టమైన పనిలో చెమట పరిమాణమును హెచ్చును, అందలి ఉప్పదనమును హెచ్చును. నష్టము రెండు విధముల పెరుగును.

ఈ ద్వారముల ప్రాముఖ్యము ఒక వ్యాధి వలన స్పష్టమైనది. 1948లో అమెరికా దేశపు న్యూయార్కు నగరమున తీవ్రమైన ఎండలు కాయగా, సిస్టిక్ ఫైబ్రోసిస్ అను పుట్టువ్యాధిగల పిల్లలు ఇతరులకంటె నెక్కువగా సొమ్మసిల్లి ఆసుపత్రికి వచ్చిరి. డాక్టరు పాల్ డి సాంటాగ్నీస్ దీనిని విచారించి, ఆ పిల్లల చెమటలో ఉప్పు మిక్కుటముగా నున్నదని 1953లో ప్రకటించెను. 1983లో పాల్ క్వింటన్ అను శాస్త్రజ్ఞుడు ఆ రోగుల చెమట గొట్టములలో క్లోరైడునకు దారి లేదని కనుగొనెను. క్లోరైడు పోవుటకు దారి లేనిచో సోడియమును వెనుకబడిపోవును. నేటికిని ఆ వ్యాధిని గుర్తించుటకు చెమటలోని ఉప్పును పరీక్షించుచున్నారు.

దేహము పొదుపు నేర్చుకొనుట

మూత్రపిండములపై టోపీలవలె రెండు చిన్న గ్రంథులున్నవి. దేహములో ఉప్పు తగ్గినప్పుడు అవి ఆల్డోస్టిరోను అను రసమును రక్తములోనికి విడుచును. ఆ రసము మూత్రపిండములకును చెమట గ్రంథులకును "ఉప్పు పోనీయకుడు" అని చెప్పునట్టిది. మూత్రపిండములు కొద్ది గంటలలోనే దాని నాలకించును. చెమట గ్రంథులకు ఒకటి రెండు దినములు పట్టును.

ఈ సందర్భమున ఒక పొరపాటు దిద్దుకొనవలెను. "తిన్న ఎక్కువ యుప్పు చెమటతో పోవును, చింత లేదు" అని కొందరు చెప్పుదురు. అది సరికాదు. దేహములో ఉప్పు హెచ్చుతగ్గులను సరిదిద్దు పెద్ద మూత్రపిండము. చెమట గ్రంథి ముఖ్యోద్యోగము చల్లబరచుట. ఆ పనిలో ఉప్పు నష్టమును తగ్గించుట దాని రెండవ ధర్మము. అది మిగులు ఉప్పును పారవేయుటకై యేర్పడినది కాదు.

ఎండపనికి దేహ మలవాటుపడుటకు ఒకటి రెండు వారములు పట్టును. అలవాటుపడిన వానికి చెమట త్వరగా ఆరంభించును, అధికముగా పట్టును, అందు ఉప్పు తక్కువగా నుండును. కావున పాత కూలివానికి నీటి యవసరము హెచ్చు, ఉప్పు నష్టము తక్కువ. కొన్ని వారములు పని మానినచో ఈ అలవాటు పోవును.

ఒక లెక్క చూడుడు. దినమునకు 6 లీటర్ల చెమట పట్టు ఇద్దరు బస్తాలు మోయు హమాలీలున్నారనుకొందము. అలవాటైనవాని చెమటలో లీటరునకు 2 గ్రాముల ఉప్పున్నచో పోవునది 12 గ్రాములు. క్రొత్తవాని చెమటలో 4 గ్రాములున్నచో పోవునది 24 గ్రాములు. మన సాధారణ భోజనములో దినమునకు 8 మొదలు 11 గ్రాముల ఉప్పు దొరకును. పాతవాని లెక్క పచ్చడి మెతుకులతోను ఒక ముంత చల్లతోను సరిపోవును. క్రొత్తవానికి మాత్రము పెద్ద లోటు పడును. పట్టణమునుండి సెలవులకు వచ్చి తండ్రికి తోడుగా కల్లములో దిగిన విద్యార్థియు, జబ్బుపడి లేచి మరల కూలికి వచ్చినవాడును ఈ రెండవ వర్గములోనివారే. ఎండపనిలో ప్రాణము కోల్పోవువారిలో పెక్కురు పని యారంభించిన మొదటి కొద్ది దినములలోనే పోవుచున్నారు.

గనికార్మికుల యనుభవము

వట్టినీరు చాలదను సంగతి మొదట బొగ్గుగనులలోనే చక్కగా నిరూపింపబడినది. ఇంగ్లండులోని లోతైన వేడిగనులలో కార్మికులకు పని మధ్యలో చేతులు, కాళ్ళు, పొట్ట కండరములు మెలిపడి భరింపరాని నొప్పి కలుగుచుండెను. కె. నెవిల్ మాస్ అను నాతడు దీనిని పరిశీలించి 1923లో ప్రకటించెను. కార్మికులు చెమటతో ఉప్పును కోల్పోయి, దాహము తీరుటకు వట్టినీటిని మిక్కిలిగా త్రాగుటచే రక్తములోని ఉప్పు పలుచబడుచున్నదనియు, త్రాగు నీటిలో కొంచె ముప్పు కలిపినచో నొప్పులు తగ్గుచున్నవనియు తేలెను.

1930వ దశకమున ఇంగ్లండు వైద్యుడు మెకాన్స్ తనమీదను తన మిత్రులమీదను ఒక పరీక్ష చేసెను. ఉప్పులేని భోజనము చేయుచు, దినదినమును చెమట పట్టించుకొని, నీరుమాత్రము త్రాగుచు వచ్చిరి. కొలది దినములలో వారికి నాలుక రుచి చచ్చెను, కండరములు పట్టుకొనెను, నిస్త్రాణ కలిగెను. మరల ఉప్పు తిన్నపిమ్మట త్వరలోనే స్వస్థులైరి.

కొనుగోలు కేంద్రములో ఇట్టి దానిని మేమును చూచితిమి. క్రొత్తగా పనికి చేరిన యువకు డొకడు ఉదయమునుండి క్యానులోని చల్లని నీరే త్రాగుచు బస్తాలెత్తుచు, మధ్యాహ్నము పిక్కలు, పొట్ట పట్టుకొని పడిపోయెను. తోటివారు అజీర్తియని తలచి మరికొన్ని నీళ్ళు పట్టిరి, నొప్పి హెచ్చెను. ఒక ముసలి రైతు వానిని నీడకు చేర్చి ఉప్పు కలిపిన చల్ల రెండు గ్లాసులు మెల్లగా త్రాగించెను. గంటలోపల నొప్పి యణగెను. ఆ వృద్ధుడు ఏ పుస్తకమును చదివినవాడు కాడు. అనుభవమే ఆయనకు చెప్పినది.

ఎట్లు త్రాగవలెను, ఏమి తినవలెను?

ఒకటి: దాహమగువరకు వేచియుండరాదు. తీవ్రమైన ఎండపనిలో పదునైదు ఇరువది నిమిషముల కొకసారి పావులీటరు చొప్పున త్రాగుట మంచిది. గంటకు లీటరున్నరకు మించి త్రాగరాదు, అదియు నపాయమే.

రెండు: నీటితోబాటు పూటపూటకు తిండి తినవలెను. ఉప్పు ముఖ్యముగా భోజనమునుండియే రావలెను. ఉప్పు వేసిన చల్ల, జొన్నంబలి, తైదలంబలి, గంజి, చద్దియన్నము – ఇవి మన పెద్దలు వేసవికై యేర్పరచిన ఆహారములు. వీనిలో నీరును ఉప్పును పిండిపదార్థమును కలసియున్నవి. పేగులలో చక్కెర తోడైనచో ఉప్పును నీరును త్వరగా రక్తములో చేరును. ఓ.ఆర్.ఎస్. పొట్లము ఈ సూత్రము ననుసరించియే చేయబడినది.

మూడు: పొట్లము లేనప్పుడు కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో తలకొట్టిన చిన్న చెమ్చాలతో ఆరు చెమ్చాల చక్కెరయు, అర చెమ్చా ఉప్పును కలుపవలెను. కొలత తప్పరాదు. ఉప్పు హెచ్చినచో మేలుకు మారు కీడు కలుగును. ఉప్పుబిళ్ళలు మ్రింగుట, పిడికెడు ఉప్పు నోట వేసికొనుట కూడదు.

నాలుగు: రక్తపుపోటు, గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారు డాక్టరు నడుగకుండ ఉప్పు హెచ్చింపరాదు. నీడపట్టున కూర్చుండి పనిచేయువారికి దినమునకు 5 గ్రాములకు లోపుగా నుండుటయే మేలని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. మేము చెప్పు అదనపు ఉప్పు చెమటోడ్చు దినములకు మాత్రమే.

అయిదు: క్రొత్తవారిని, జబ్బుపడి లేచినవారిని మొదటి దినము అయిదవవంతు పనిలో మాత్రమే పెట్టి, దినమునకు అయిదవవంతు చొప్పున పెంచవలెను.

ఆరు: కూలిస్త్రీలు మరుగు లేదను కారణమున ఉదయమునుండి నీరు త్రాగకుండ పనిచేయుచుందురు. ఇది సిగ్గుపడి దాచవలసిన సంగతి కాదు. చేనిగట్టున నాలుగు కర్రలు పాతి తడిక కట్టించుట భూమి గలవాని ధర్మము.

వడదెబ్బను గుర్తించుట

కండరముల నొప్పి మొదటి హెచ్చరిక. తలనొప్పి, వాంతి, కండ్లు తిరుగుట, మిక్కిలి నీరసము రెండవది. ఈ రెండింటను నీడ, విశ్రాంతి, ఉప్పుచల్ల లేక ఓ.ఆర్.ఎస్. చాలవరకు పనిచేయును. గంటలో నెమ్మదింపకున్నచో వైద్యునికడకు పోవలెను.

మాట తడబడుట, తిక్కగా ప్రవర్తించుట, స్పృహ తప్పుట కనబడినచో అది వడదెబ్బ. దేహము 40 డిగ్రీలకు మించి వేడెక్కియుండును. వడదెబ్బ తగిలినవానికి చెమట పట్టదని పలువురు నమ్మెదరు. ముసలివారి విషయమున అట్లు తరచుగా జరుగును గాని, కష్టపడి పనిచేయుచు పడిపోయిన వాని ఒడలు చెమటతో తడిసియే యుండవచ్చును. చెమట యున్నదని ఉపేక్షింపరాదు. వెంటనే 108కి ఫోను చేసి, బండి వచ్చులోపల నీడలో పరుండబెట్టి, బట్టలు సడలించి, ఒడలంతయు నీటితో తడిపి విసరవలెను. మెడ, చంకలు, గజ్జలలో మంచుముక్కలుగాని తడిగుడ్డలుగాని పెట్టవలెను. స్పృహ లేనివాని నోట నీరుగాని చల్లగాని పోయరాదు, ఊపిరితిత్తులలోనికి పోవును.

పశువుల సంగతి

ఎద్దులకు చెమట గ్రంథులున్నవి. మన నాటు పశువులు సీమజాతులకంటె వేడికి బాగుగ నోర్చును. బర్రెకు చెమట గ్రంథులు తక్కువ, పైగా నల్లనితోలు వేడిని పీల్చును. కావుననే అది చెరువు బురద విడువదు. దానికి మధ్యాహ్నము నీడయు, ఒంటిపై నీళ్ళును అవసరము. కుక్కలు నాలుక చాచి రొప్పుటచేతను, కోళ్ళు నోరు తెరచి యెగపోయుటచేతను చల్లబడును. పెద్దపశువునకు దినమునకు 30 గ్రాముల ఉప్పు దాణాలో కలుపుట మేలు.

సంఘములు చేయవలసినది

2025 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము వడదెబ్బను రాష్ట్రవిపత్తుగా ప్రకటించి, మృతుని కుటుంబమునకు నాలుగు లక్షల రూపాయల సహాయము నిర్ణయించినది. సహాయము వచ్చుట మంచిదే. మరణము రాకుండుట అంతకంటె మంచిది. కొనుగోలు కేంద్రములలో రైతులు తూకమునకై కాచుకొని యుందురు, హమాలీలు నడియెండలో బస్తాలెత్తుదురు. అచట పందిరి, త్రాగునీరు, ఉప్పుచల్ల, ఓ.ఆర్.ఎస్. పొట్లములు, మధ్యాహ్నము 12 మొదలు 4 గంటల వరకు ఎత్తుడుపనికి విరామము – ఈ అయిదింటికి కావలసిన సొమ్ము సంఘమునకు భారము కాదు.

కావున యాసంగి కొనుగోళ్ళు ప్రారంభమగుటకు ముందే ప్రతి సంఘమును సభ చేసి దీనిని తీర్మానింపవలెననియు, చదువు వచ్చిన సభ్యులు ఈ పాఠమును హమాలీలకును కూలిస్త్రీలకును చదివి వినిపింపవలెననియు కోరుచున్నాము.